జీతం ఉన్న తాత, జీతం తెచ్చిన తాత
దసరా సెలవుల్లో పిల్లలతో కలిసి చేయదగిన కుటుంబ చరిత్ర పాఠం



గత నెల ఎనిమిదో తరగతి పిల్లలకు సోషల్‌లో చిన్న ప్రాజెక్టు ఇచ్చాను. "మా కుటుంబం సికింద్రాబాద్‌కు ఎలా వచ్చింది?" అని ఒక్క పేజీ రాసుకు రమ్మన్నాను. చాలా మంది చక్కగా చార్టులు చేసుకొచ్చారు. రంగు పెన్నులు, థర్మోకోల్ రైలు, మెరుపు కాగితాలు, అన్నీ ఉన్నాయి. అయితే నాలుగు చార్టుల మీద ఒకే తలపాగా, ఒకే మీసాలు ఉన్న జమీందారు బొమ్మ కనిపించింది. నెట్‌లో దొరికిన ముత్తాత అన్నమాట!

ఒక బాబు మాత్రం పేరు, రోల్ నంబరు రాసి ఖాళీ కాగితం ఇచ్చాడు. పక్కకు పిలిచి అడిగాను. "మా ముత్తాత ఏం కాదు మేడమ్. ఊళ్ళో ఒకరింట్లో జీతం ఉండేవాడట. అది రాయొద్దని డాడీ అన్నారు" అన్నాడు. (ఆ బాబు తల్లిదండ్రుల అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను.)

నేను వాడిని కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. ఎందుకంటే మా ఇంట్లో కూడా ఆ పేజీ చాలా ఏళ్ళు ఖాళీగానే ఉంది. బీఈడీ చదివేటప్పుడు కూడా స్నేహితులకు "మా తాతయ్య రైల్వే ఆఫీసర్" అని చెప్పేదాన్ని. ఆయన లాలాగూడ వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ఫిట్టర్‌గా రిటైర్ అయ్యారు.

ఒక మాట, రెండు అర్థాలు

మన దగ్గర "జీతం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఈ ఊళ్ళో జీతం అంటే నెల మొదట్లో బ్యాంకులో పడే డబ్బు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకు "జీతం ఉండడం" అంటే వేరు. ఒక ఆసామి ఇంట్లో ఏడాది పొడవునా కట్టుబడి పని చేయడం. పెళ్ళికో, తిండి గింజలకో తీసుకున్న అప్పు కింద తండ్రి జీతం ఉంటే, అది తీరకపోతే కొడుకు కూడా వెళ్ళాల్సి వచ్చేది. దీన్నే భగేలా అనేవారు. నిజాం ప్రభుత్వం 1936లో ఇలాంటి ఒప్పందాల మీద చట్టం తెచ్చింది. దేశమంతటికీ వర్తించేలా వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది.

మొదటి జీతం నుంచి రెండో జీతానికి నడిచి వచ్చిన మనిషి మీ వంశంలో ఒకరు ఉండే ఉంటారు. ఆయన తాత కావచ్చు, ముత్తాత కావచ్చు. అమ్మమ్మ లేదా నానమ్మ కూడా కావచ్చు. ఈ రోజు మీ పిల్లలు ఈ బడిలో కూర్చుని ఇంగ్లిషులో పాఠం చదువుతున్నారంటే, ఆ ఒక్క ప్రయాణం కారణం. ఆ మనిషిని వెతకడం ఎలాగో చెప్పడమే ఈ నెల పాఠం.

వాళ్ళు వచ్చిన చోట్లు మన పక్కనే ఉన్నాయి

పద్మారావు నగర్‌లో ఏ మూల నిలబడినా పాత కార్మికుల బస్తీలు దగ్గరే. ఒకవైపు చిలకలగూడ, సీతాఫల్‌మండి, మెట్టుగూడ, లాలాగూడ. ఇవి రైల్వే పేటలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు 1893లో మొదలైంది. బోగీలు బాగుచేయడానికి కమ్మరులు, వడ్రంగులు కావాలి. బరువులు ఎత్తడానికి ఖలాసీలు, పట్టాల పనికి గ్యాంగ్‌మన్లు కావాలి. వాళ్ళలో చాలా మంది పొలం పనుల నుంచి వచ్చినవారే.

ఇంకోవైపు ముషీరాబాద్, కవాడిగూడ. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో పెట్టిన దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు ఉండేది. పెద్దవాళ్ళు "డీబీఆర్ మిల్లు" అంటారు. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఆజామాబాద్, అక్కడ వజీర్ సుల్తాన్ సిగరెట్ ఫ్యాక్టరీ. 1960ల తర్వాత బాలానగర్, రామచంద్రాపురం, కుషాయిగూడ వైపు ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. అప్పటికి చదువుకున్న రెండో తరం వాటిలో చేరింది.

మీ వాళ్ళు నేరుగా ఇక్కడికి రాకపోయి ఉండవచ్చు. సింగరేణి బొగ్గు గనులకు, వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లుకు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి, కాగజ్‌నగర్ పేపర్ మిల్లుకు వెళ్ళి, పిల్లల చదువు కోసం తర్వాత సికింద్రాబాద్ చేరిన కుటుంబాలు మన బడిలో చాలానే ఉన్నాయి. నల్గొండ, కరీంనగర్ నేత కుటుంబాలు షోలాపూర్, భివండి మగ్గాల దాకా వెళ్ళాయి. ముంబైలో కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది ఇక్కడి నుంచి వెళ్ళిన కామాఠీ కూలీల వల్లే. ఉత్తరాంధ్ర వాళ్ళయితే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు, బెంగాల్ జనపనార మిల్లులు, జంషెడ్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీ. సముద్రం దాటి రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు వెళ్ళి, 1942లో యుద్ధం వల్ల ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మా ఇంటి కథ: ఒక తప్పు, ఒక పుస్తకం

తాతయ్యకు ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉండేది. నేను ఇంటర్ చదివేటప్పుడు చిలకలగూడ అద్దె ఇంటి నుంచి ఫ్లాట్‌కు మారాం. అప్పటికి ఆయన లేరు. పెట్టెలో ఉన్నవన్నీ పసుపు రంగుకు తిరిగిన కాగితాలు. కొన్ని ఉర్దూలో ఉన్నాయి. మాకెవ్వరికీ చదవరాదు. పాత పేపర్ల అతన్ని పిలిచి కాటా వేయించింది నేనే. ఎన్ని కిలోలు తూగాయో గుర్తులేదు. ఆ డబ్బుతో సమోసాలు తెచ్చుకున్నామని మాత్రం గుర్తుంది.

మిగిలింది ఒకే ఒక్కటి, పెన్షన్ పుస్తకం. పీపీఓ అంటారు. ఫ్యామిలీ పెన్షన్ దాని మీదే వస్తుంది కాబట్టి నానమ్మ దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పరుపు కింద దాచుకుంది. డబ్బు వచ్చే కాగితం కాబట్టి బతికింది. మీ ఇంట్లోనూ ముందు అలాంటి కాగితాన్నే వెతకండి.

అందులో తాతయ్య పుట్టిన తేదీ 1 జూలై 1935 అని ఉంది. రిటైర్ అయింది 1993 జూన్ 30న, 58 ఏళ్ళకు. చిన్నప్పుడు మేము జూలై ఒకటిన ఆయనకు కేక్ కోసేవాళ్ళం. ఆయన సిగ్గుపడుతూ నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో తర్వాత తెలిసింది. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసి తేదీ తెలియకపోతే జూలై ఒకటి అని రాసుకోవాలని రైల్వే నిబంధన. నెల తెలిసి రోజు తెలియకపోతే ఆ నెల 16వ తేదీ. అంటే మా తాతయ్య పుట్టినరోజు రిజిస్టరు రాసిన గుమాస్తా పెట్టింది!

నానమ్మను అడిగితే, "పుట్టిన తేది ఎవనికెరుక బిడ్డా? పోలీస్ యాక్షన్ నాటికి మీ తాతకు ఇంకా మీసాలు రాలే. గొడ్లు కాసేటోడు" అంది. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది. అప్పటికి పన్నెండు, పదమూడేళ్ళు అనుకుంటే 1935 సరిగ్గానే సరిపోయింది. తేదీ తప్పయినా సంవత్సరం నిజానికి దగ్గరే.

అదే రోజు నానమ్మ ఇంకో సంగతి చెప్పింది. మా ముత్తాత ఒక పటేల్ ఇంట్లో జీతం ఉండేవాడు. మోట తోలేవాడు. ఆయన తర్వాత అప్పు కింద తాతయ్య వెళ్ళాలి. కొన్నాళ్ళు వెళ్ళారు కూడా. 1955లో ఊరి మనిషి ఒకాయన లాలాగూడలో పని ఉందని కబురు పెట్టాడు. "అడిగి రాలేదు బిడ్డా, చెప్పకుండ వచ్చిండు. పదేండ్లు ఊరి మొఖం చూడలే" అంది.

మా నాన్న పక్క గదిలోనే ఉన్నారు. టీవీ సౌండు పెంచారు.

నానమ్మ మాటలు నలభై నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేశాను. మిగతాది సెలవుల్లో అడుగుదామనుకున్నాను. ఆ సెలవులు రాకముందే ఆమె వెళ్ళిపోయింది. ముత్తవ్వ పేరేమిటో, ఆమె ఏ ఊరి ఆడపడుచో ఇప్పుడు చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. కాగితాలు పోతే ఎక్కడో ఒక నకలు దొరకవచ్చు. మనిషి పోతే నకలు ఉండదు. ఈ వ్యాసం ఇప్పుడే రాయడానికి కారణం ఇదే.

మొదటి మెట్టు: ముందు మాట్లాడండి

ఆఫీసుల చుట్టూ తిరగడం తర్వాత. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పిల్లలను కూర్చోబెట్టండి. "మీరు ఎప్పుడు పుట్టారు?" అని అడిగితే జవాబు రాదు. సంఘటనలతో అడగండి.

- రజాకార్ల నాటికి, పోలీస్ యాక్షన్ నాటికి మీరు ఎంత ఉన్నారు? పుట్టారా?
- 1969 తెలంగాణ ఉద్యమం నాటికి ఎక్కడ ఉన్నారు? పెళ్ళయిందా?
- 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగింది. 8వ తేదీన మొదలై 27 దాకా సాగింది. ఆ నెల ఇల్లు ఎలా గడిచింది?
- మొదటిసారి ఈ ఊరికి ఎవరి వెంట వచ్చారు? ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు?
- మొదటి జీతం ఎంత? హాలీ రూపాయలా, కల్దారా?
- ఊరికి డబ్బు ఎవరితో పంపేవారు? ఉత్తరం ఎవరు రాసి పెట్టేవారు?

హాలీ, కల్దార్ అంటే పిల్లలకు తెలియదు. హాలీ సిక్కా నిజాం నాణెం, కల్దార్ బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. లెక్కల పాఠం కూడా అయిపోతుంది.

చోట్ల పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. పెద్దవాళ్ళు "గాంధీ ఆసుపత్రిలో పుట్టాడు" అంటే స్టేషన్ దగ్గరి పాత గాంధీ అని అర్థం. ఇప్పుడు మన పక్కన ఉన్న గాంధీ ఒకప్పటి ముషీరాబాద్ జైలు స్థలంలో కట్టింది. ఈ తేడా తెలియకపోతే మీ పిల్లలు తాతయ్యను జైల్లో పుట్టించేస్తారు!

రెండో మెట్టు: ఇంట్లో ఉన్న కాగితాలు

పెద్ద దస్తావేజులు ఉండవు. చిన్న చిన్న కాగితాలే ఉంటాయి. ఇవి వెతకండి.

- పెన్షన్ పుస్తకం: పుట్టిన తేదీ, హోదా, రిటైర్ అయిన తేదీ, చివరి జీతం ఉంటాయి. భార్యాభర్తల ఫొటో కూడా ఉండవచ్చు.
- పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు: పీఎఫ్ చట్టం 1952లో, ఈఎస్ఐ చట్టం 1948లో వచ్చాయి. మిల్లులో చేసిన వాళ్ళకు ఇవే ఆధారం.
- టీసీ: ఇది మా టీచర్ల సబ్జెక్టు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బడిలో అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. మీ నాన్నగారో పెద్దనాన్నగారో చదివిన సర్కారు బడికి వెళ్ళి అడగండి. తండ్రి పేరు, వృత్తి, అప్పటి చిరునామా దొరికే అవకాశం ఉంది.
- చర్చి రిజిస్టరు: క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మం, వివాహం రిజిస్టర్లలో పేరుతో పాటు వృత్తి కూడా కనిపించవచ్చు. సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్ లాంటి చర్చిలు 200 ఏళ్ళ నాటివి.
- పెళ్ళి శుభలేఖ: దీన్ని అందరూ మరిచిపోతారు. ఇంటిపేరు, ఊరు, తాలూకా, తాతముత్తాతల పేర్లు, పేరు ముందు "కీ.శే." ఉందా లేదా, అన్నీ ఒకే కార్డులో!

మా ఊరు మాకు దొరికింది శుభలేఖ వల్లే. "నల్గొండ వైపు" అని తప్ప ఊరి పేరు సరిగ్గా ఎవరికీ తెలియదు. మా మేనత్త ఇంట్లో దేవుడి పటం అద్దం పగిలింది. పటం వెనక అట్ట బదులు ఆమె పెళ్ళి పత్రిక పెట్టి ఉంది. 1981 నాటిది. దాని మీద ఊరి పేరు, "రామన్నపేట తాలూకా, నల్గొండ జిల్లా" అని ఉంది.

మూడో మెట్టు: పాత చిక్కుముళ్ళు విప్పడం

ఊరు దొరికినా పని అవలేదు. చిరునామాలు మారాయి. 1985లో తాలూకాల బదులు మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఇప్పుడు 33. కాబట్టి అదే రామన్నపేట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఒకే ఊరికి మూడు చిరునామాలు అనుకుని వెతకండి.

సంవత్సరం కూడా మారుతుంది. నిజాం నాటి కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947-48. నెలల పేర్లు ఆజుర్, దై, బహ్మన్ అని పారశీకంలో ఉంటాయి. ఉర్దూ కాగితం దొరికితే నాలాగా కాటాకు వేయకండి. మన పిల్లల్లోనే ఉర్దూ చదవగల తాతయ్యలు, నానమ్మలు ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళతో చదివించండి. రెండు కుటుంబాలు కలుస్తాయి.

పేర్లలో ఇంకో తిరకాసు ఉంది. పాత రికార్డుల్లో చాలా సార్లు ఇంటిపేరు ఉండదు. "ఎల్లయ్య వల్ద్ మల్లయ్య" అని ఉంటుంది. వల్ద్ అంటే కొడుకు. అలాగే నర్సయ్య, నర్సిములు, నరసింహ అనే మూడు పేర్లు ఒకే మనిషివి కావచ్చు. ఊళ్ళో పిలిచింది ఒకటి, గుమాస్తా రాసింది ఇంకొకటి. పేరు ఒక్కటే చూసి "మన వాళ్ళు కాదు" అని వదిలేయకండి. తండ్రి పేరు, ఊరు, వయసు, మూడూ కలిపి చూడండి.

నాలుగో మెట్టు: ఊరి రికార్డు

తెలంగాణ పల్లెలకు అందరికీ తెలిసిన పాత భూమి రికార్డు 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఆంధ్ర ప్రాంతం వాళ్ళయితే అడంగల్ అనే పేరుతో వెతకాలి. ఊరి పేరు, సర్వే నంబరు తెలిస్తే తహసీల్దార్ కార్యాలయంలో నకలు కోసం దరఖాస్తు చేయవచ్చు. అందులో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, సాగులో ఉన్న మనిషి పేరు మరో కాలమ్‌లో ఉంటాయి. మీ వాళ్ళు కౌలు చేసి ఉంటే రెండో కాలమ్ చూడండి. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల జాబితాలు తయారయ్యాయి, అవి కూడా అడగండి. నీరటి, శేత్‌సింధి వంటి గ్రామ సేవలు చేసిన కుటుంబాలయితే ఇనాం భూముల వివరాల్లో కనిపించవచ్చు.

మరి జీతం ఉన్నవాళ్ళు? కూలికి వెళ్ళినవాళ్ళు? వాళ్ళ పేరు భూమి కాగితం మీద ఉండదు. మా ముత్తాత పేరు ఏ కాలమ్‌లోనూ లేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కానీ ఊళ్ళో ఒక అవ్వ మమ్మల్ని ఒక బావి దగ్గరకు తీసుకెళ్ళింది. "మీ ముత్తాత మోట గొట్టిన బాయి గిదే" అంది. ఆ సర్వే నంబరు రాసుకున్నాం. పట్టా వేరేవాళ్ళది. చెమట మా వాళ్ళది.

భూమి లేని కుటుంబాలకు ఇంకో దారి ఉంది. మన దగ్గర వంశాల కథలు చెప్పే కుటుంబాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులి వారు, గొల్లలకు మందెచ్చుల వారు, ముదిరాజులకు కాకిపడగల వారు, గౌడులకు గౌడజెట్టి వారు, మాదిగలకు డక్కలి వారు. చేర్యాల పటాలు విప్పి కులపురాణం చెప్పేది వీరిలో కొందరే. తమ మిరాశీ ఊళ్ళకు తరతరాలుగా తిరుగుతారు కాబట్టి ఏ ఇంటివాళ్ళు ఎటు వెళ్ళారో వాళ్ళకు గుర్తుండవచ్చు. ఊరికి వెళ్ళినప్పుడు "మన ఇండ్లకు కథ చెప్పేవాళ్ళు ఎవరు?" అని అడగండి.

తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం ఉంది, మన బడికి చాలా దగ్గర. అక్కడ మొఘలుల కాలం నుంచి నిజాంల దాకా కాగితాలున్నాయి. మీ తాత పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మీ ఊరు ఏ జాగీరులో ఉండేది, ఏ పన్నులు ఉండేవి వంటి నేపథ్యం కోసం పెద్ద పిల్లలకు పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో సులువు, మనకెందుకు కష్టం?

ఒక అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. "జనగణన ఉంది కదా మేడమ్, అందులో వెతకొచ్చు కదా?" బ్రిటన్‌లో అలాగే వెతుకుతారు. 1841 నుంచి అక్కడి జనగణనలో ఇంటింటా ఉన్న ప్రతి మనిషి పేరూ రాశారు. వందేళ్ళు దాటాక ఆ పేజీలు అందరికీ తెరుస్తారు. 1921 నాటివి 2022లో తెరిచారు. ఒక జనగణనలో పొలం కూలీ అని ఉన్న మనిషి, పదేళ్ళ తర్వాత మాంచెస్టర్ మిల్లు కార్మికుడిగా కనిపిస్తాడు. మాంచెస్టర్ గొప్పదనం చదివే మన పిల్లలకు, అక్కడి మిల్లులు నింపింది కూడా మన తాతల్లాంటి పొలం కూలీలే అని తెలియాలి.

మన దేశంలో ఒక్కో మనిషి జనగణన వివరాలు రహస్యం. 1948 జనగణన చట్టం ప్రకారం వాటిని ఎవరికీ చూపించరు. దేశమంతటా జనన మరణాల నమోదు చట్టం వచ్చింది కూడా 1969లోనే. అందుకే మనకు మనుషుల జ్ఞాపకమే మొదటి రికార్డు.

కొన్ని జాగ్రత్తలు

ఈ ప్రాజెక్టుకు మార్కులు లేవు. పోటీ లేదు. పిల్లలు ఒకరి పేజీతో ఇంకొకరి పేజీ పోల్చుకోరు, నేను పోల్చనివ్వను. చెప్పుకోలేని బాధ ఉన్న ఇల్లు ఉంటే ఆ భాగం వదిలేయండి. దత్తత తీసుకున్న పిల్లలు, ఒంటరి తల్లి లేదా తండ్రి పెంచుతున్న పిల్లలు తమను పెంచిన వారి కథే రాయవచ్చు. పెన్షన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న కాగితాల ఫొటోలు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అసలు కాగితాలు బడికి పంపకండి, జిరాక్స్ చాలు. పెద్దవాళ్ళు వద్దంటే రికార్డింగ్ ఆపేయండి.

ఇంకో మాట. మీ ముత్తాత నిజంగానే భూస్వామి అయితే దాచనక్కర్లేదు. అదీ రాయండి. అయితే మీ ఇంట్లో జీతం ఉన్నది ఎవరు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు అని కూడా అడిగి రాయండి. అప్పుడే ఆ పేజీ పూర్తవుతుంది.

సెలవుల్లో చేయాల్సింది

1. ఇంట్లో అందరికంటే పెద్దవారితో పిల్లలు ఒక గంట మాట్లాడాలి. ఫోన్‌లో రికార్డు చేసి రెండు చోట్ల దాచండి.
2. ఒక పాత కాగితం వెతికి, దాని మీద ఉన్న పేరు, తేదీ, ఊరు నోట్‌బుక్‌లో రాయాలి.
3. ఊరి పాత చిరునామా, కొత్త చిరునామా పక్కపక్కన రాయాలి.
4. వీలైతే తాత పని చేసిన చోటికి తీసుకెళ్ళండి. గేటు బయట నిలబడి చూసినా చాలు.
5. తెలిసినవి ఒక రంగులో, ఇంకా తెలియాల్సినవి ఇంకో రంగులో రాయాలి. ఖాళీలు ఉన్నా పరవాలేదు. నెట్‌లో జమీందారు మాత్రం వద్దు!

చివరగా మా నాన్న సంగతి. ఆ రోజు టీవీ సౌండు పెంచిన మనిషి, నేను ఊరికి బయలుదేరుతుంటే "నేనూ వస్తా" అన్నారు. బావి దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో, "మా నాయిన చెప్పకుండ రాకపోతే నేను కూడా ఆ బాయి కాడనే ఉండేటోణ్ణి గదా" అన్నారు. ఆ మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మా ముత్తవ్వ పేరు కోసం వదిలిన గీత దాని పక్కనే ఇంకా ఖాళీగా ఉంది.

ఖాళీ కాగితం ఇచ్చిన బాబు పేజీ నాకు ఇంకా రాలేదు. తొందర లేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం మొన్న గేటు దగ్గర ఆగి, "ఖాస్రా పహాణీ ఎక్కడ అడగాలి మేడమ్?" అన్నారు. ఆయన కోసమే నాలుగో మెట్టు ఇంత వివరంగా రాశాను.

సెలవులయ్యాక మీ పిల్లల పేజీల కోసం ఎదురుచూస్తూ ఉంటాను. మీ అందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.

మీ పిల్లల సోషల్ టీచర్,
పద్మారావు నగర్ బ్రాంచి